చల్లారిన తర్వాత వచ్చే పగులు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేశారు. "అన్నా, మీ హాస్టల్ జ్ఞాపకాలు రాయండి" అన్నారు. నీళ్ళ చారు గురించి, పొద్దున్నే బాత్రూంల దగ్గర క్యూ గురించి, వార్డెన్ సారు స్కూటర్ చప్పుడు వినగానే పుస్తకాలు తెరిచిన సాయంత్రాల గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు నాకంటే బాగా రాస్తూనే ఉన్నారు. నేను పదిహేనేళ్ళకు పైగా వెల్డింగ్ అతుకులను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. మన హాస్టల్లో ఉండి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. వారిలో ఎందరో రేపు ఏదో ఒక సైటులో, వర్క్‌షాపులో వెల్డింగ్ చేసిన ఇనుము కింద నిలబడి పనిచేస్తారు. అందుకని నా వృత్తి నాకు నేర్పిన ఒక సంగతి గురించి రాస్తాను. అతుకు వేసిన రోజు బాగానే ఉండి, తర్వాతెప్పుడో పగిలే ఇనుము గురించి.

నాలాగే తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవారికి ప్రతిబలం, వికృతి అనే మాటలు గుర్తుండే ఉంటాయి. తీగకు బరువు కడితే తీగ సాగుతుంది, బరువు తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. హుక్ నియమం, యంగ్ గుణకం రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పుస్తకంలో బరువు ఉంటేనే ప్రతిబలం. బరువు తీసేస్తే అదీ పోతుంది. కాని బయట ప్రపంచంలో ఏ బరువూ పెట్టకపోయినా ఇనుము లోపల మిగిలిపోయే ప్రతిబలం ఒకటుంది. ఇంగ్లీషులో రెసిడ్యువల్ స్ట్రెస్ అంటారు. తెలుగులో అవశేష ప్రతిబలం అనవచ్చు. ఉద్యోగం చేసుకుంటూ ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో సాయంత్రం బి.ఇ. చదివేటప్పుడు ఈ మాట మొదటిసారి విన్నాను. ఇంగ్లీషు అర్థం కాక భయపడే నాకు ఆ రోజు తెలుగు మీడియం మాటే దారి చూపించింది.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన పల్లెల్లో కమ్మరివాళ్ళకు తరతరాలుగా తెలిసిందే. ఇప్పుడు టైరు బండ్లు, ట్రాక్టర్లు వచ్చాయి గాని, చెక్క చక్రాల ఎడ్లబండికి ఇనుప పట్టా ఎక్కించడం మా వయసువాళ్ళు చిన్నప్పుడు చూసే ఉంటారు. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా చేస్తారు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. వేడికి పట్టా పెరుగుతుంది. నలుగురు పట్టకారులతో ఎత్తి చక్రం మీద వేసి, సుత్తెలతో సరిచేసి, గబగబా నీళ్ళు పోస్తారు. పట్టా ముడుచుకుంటుంటే చక్రం కీళ్ళన్నీ కిర్రుమని బిగుసుకుంటాయి. ఆ బిగువు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. బండి ఖాళీగా చెట్టు కింద నిలబడి ఉన్నా ఆ పట్టాలో బిగువు ఉన్నట్టే. అదే అవశేష ప్రతిబలం. కమ్మరి దాన్ని కావాలని పెట్టాడు. వెల్డింగ్‌లో మాత్రం మనం కోరకపోయినా వచ్చి కూర్చుంటుంది.

ఎలా వస్తుందో మా సారు నల్లబల్ల మీద మూడు గీతలు గీసి చెప్పారు. పక్కపక్కనే మూడు ఇనుప కడ్డీలు. రెండు చివర్లా గట్టి దిమ్మెలకు బిగించి ఉన్నాయి. నడిమి కడ్డీని మాత్రమే ఎర్రగా కాల్చాం. అది పెరగాలని చూస్తుంది. పక్క కడ్డీలు పెరగనివ్వవు. కాలిన ఇనుము మెత్తగా ఉంటుంది గనుక అది తనలో తానే నలిగి పొట్టిదైపోతుంది. ఇప్పుడు దాన్ని చల్లారనిచ్చాం. పొట్టిదైన కడ్డీ ఇంకా ముడుచుకోవాలి. పక్క కడ్డీలు ఈసారి ముడుచుకోనివ్వవు. చివరికి నడిమి కడ్డీ లాగిపట్టినట్టు బిగుసుకుంటుంది, పక్క రెండూ నొక్కుకుపోతాయి. బయట నుంచి చూస్తే మూడూ మామూలుగానే ఉంటాయి. వెల్డింగ్ అతుకు ఆ నడిమి కడ్డీ. చుట్టూ ఉన్న చల్లని ఇనుము పక్క కడ్డీలు.

ఆ బిగువు ఎంత ఉంటుంది? గేట్లకు, షెడ్లకు వాడే మెత్తటి ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 250 న్యూటన్ల దగ్గర శాశ్వతంగా సాగిపోవడం మొదలుపెడుతుంది. అతుకులో మిగిలే ప్రతిబలం దాదాపు ఆ హద్దు దాకా చేరగలదు. మన లెక్కలో చెప్పాలంటే, ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు ఉన్న ఇనుప చుక్కకు 25 కిలోల బియ్యం బస్తా వేలాడదీసినంత. ఇంకా దాని మీద మనం ఏ బరువూ పెట్టలేదని గుర్తుంచుకోండి.

మరి మన చుట్టూ ఉన్న వెల్డింగ్ గేట్లన్నీ ఎందుకు పగలడం లేదని అడుగుతారు. మెత్తటి ఉక్కు మంచి గుణం కలది. కాస్త సాగి సర్దుకుంటుంది. కాని ఇనుము మందంగా ఉన్నా, గట్టి రకమైనా, బాగా చల్లబడినా, అతుకు దగ్గర పదునైన మూల ఉన్నా, మళ్ళీ మళ్ళీ ఊగే బరువు పడినా సర్దుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు లోపలి బిగువు, బయటి బరువు కలిసి పని కానిస్తాయి.

మా రోజుల్లో హాస్టల్లో రెండంతస్తుల ఇనుప మంచాలుండేవి. పైవాడు ఎక్కినప్పుడల్లా మంచం ఊగేది. ఒక మంచం కాలు అతుకు దగ్గర పగిలింది. వెల్డింగ్ చేయిస్తే నెల తిరగకుండా మళ్ళీ పగిలింది. ఈసారి ఇంకా దళసరిగా వేయించారు. మళ్ళీ పగిలింది. వింతేమిటంటే అతుకు చెక్కుచెదరలేదు. దాని అంచును ఆనుకుని ఉన్న ఇనుము పగిలింది. కింద పడుకునే తమ్ముడు భయపడి చాప తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు వీధి నంబరు 8 వైపు నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. చదువు లేదు, చేతిలో మాత్రం నలభై ఏళ్ళ పని ఉంది. మంచం చూసి, "అతుకు గట్టిదే బిడ్డా. పక్క ఇనుము అలిసిపోయింది. దాని మీద ఇంకింత పోస్తే ఇంకింత గుంజుతది" అన్నాడు. పగులు చివర చిన్న రంధ్రం వేశాడు. పగులంతా గ్రైండర్‌తో తీసేశాడు. ఒకేసారి పొడుగ్గా కాకుండా ఇటు కొంచెం, అటు కొంచెం చిన్న చిన్న అతుకులు వేశాడు. మంచం ఊగకుండా మూలకు ఏటవాలుగా ఒక పట్టీ కలిపాడు. నేను హాస్టల్ వదిలే వరకు ఆ కాలు మళ్ళీ పగల్లేదు.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన షాపుకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒకరోజు లారీ డ్రైవర్ విరిగిన కమాన్ పట్టీ పట్టుకొచ్చాడు. అడిగినంత ఇస్తానన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఇప్పుడు అతికిస్తే మంచిగనే కనబడతది. నువ్వు ఘట్‌కేసర్ దాటంగనే టప్పుమంటది. కొత్తది కొనుక్కో" అని పంపించేశాడు. కారణం నాకు తర్వాత చదువులో తెలిసింది. కమాన్ పట్టీలో కార్బన్ ఎక్కువ. వెల్డింగ్ వేడి తగిలి తొందరగా చల్లారితే అతుకు పక్క ఇనుము గాజులా పెళుసెక్కుతుంది. పెళుసైన చోటే లాగుడు కూడా ఎక్కువ. ఆయనకు ఆ పేర్లేవీ తెలియవు. తెలిసినదాని కోసం ఆ రోజు కూలి వదులుకున్నాడు.

పెద్ద దేశాలు ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి. 1943 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర స్కెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ రేవులోనే, తుఫాను గాని అలలు గాని లేని చలి రాత్రి, పెద్ద చప్పుడుతో నడిమికి పగిలిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తొందరలో రివెట్లు మాని వెల్డింగ్‌తో వేగంగా కట్టిన ఓడల్లో అదొకటి. అలాంటివి ఇంకా చాలా పగిలాయి. చలికి పెళుసెక్కే ఉక్కు, లోపాలున్న అతుకులు, పదునైన మూలలు, వాటికి తోడు అతుకుల్లో మిగిలిన లాగుడు. ఇవన్నీ కలిసే ఆ పని చేశాయి. ఉక్కు ఒక హద్దుకు మించి చల్లబడితే పెళుసెక్కుతుందని, ఆ ఓడల పగుళ్ళకు మూలం అక్కడే ఉందని వివరించినవారిలో కేంబ్రిడ్జిలో పనిచేసిన కాన్‌స్టన్స్ టిప్పర్ అనే మహిళా శాస్త్రవేత్త ముఖ్యులు. మన రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో పూర్తయిన హేవలాక్ వంతెనతో పోల్చి చూడండి. అది రివెట్ల వంతెన. రైళ్ళు ఆగిపోయిన 1997 వరకు దాని మీద బండ్లు నడిచాయి. రివెట్ల పనిలో ఒక రేకు పగిలితే పగులు ఆ రేకు అంచు దాకా వచ్చి ఆగుతుంది. వెల్డింగ్‌తో అంతా ఒకే ముక్కైన ఓడలో పగులుకు అడ్డుకట్ట లేదు.

1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే తేలే నిర్మాణం తలకిందులైంది. అందులో ఉన్న 212 మందిలో 123 మంది చనిపోయారు. పగులు ఎక్కడ మొదలైందో తెలుసా? పెద్ద దూలాల కూడలిలో కాదు. శబ్దాలు వినే ఒక చిన్న పరికరాన్ని అమర్చడానికి ఒక గొట్టానికి వేసిన ఆరు మిల్లీమీటర్ల అతుకు దగ్గర. బరువు మోసే అతుకు కాదు కదా అని దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అలల ఊపుకు పగులు పెరిగి గొట్టం తెగింది, తర్వాత మిగిలినవి తెగాయి. చిన్న అతుకు అనే మాట నేను వాడకపోవడానికి కారణం ఈ ప్రమాదమే.

దూరం ఎందుకు, మన ఇంటి ముందే రైలు ఉంది. తార్నాక పక్కనే ఉన్న లాలాగూడలో నిజాం కాలం నాటి, 1893లో మొదలైన రైల్వే వర్క్‌షాపు ఉంది. జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ల మీదుగా పోయే బండ్ల చప్పుడు వింటూ చదువుకున్నాం. పాత పట్టాలు 13 మీటర్ల ముక్కలు. ప్రతి అతుకు దగ్గర సందు ఉండేది, అందుకే ఆ టకటక. ఇప్పుడు పట్టాలను వరసగా వెల్డింగ్ చేస్తారు. 2017 నవంబరు నుంచి హబ్సిగూడ మీదుగా నడుస్తున్న మెట్రోలో ఆ టకటక వినిపించదు. కాని సందు పోయింది కదా, మరి ఎండకు పట్టా ఎటు పెరగాలి? ఎటూ పెరగలేదు. లోపలే బిగుసుకుంటుంది. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలో వేడి ఒక్క డిగ్రీ మారితే సుమారు 1.9 టన్నుల బలం పుడుతుంది. పట్టా ఏ బిగువూ లేకుండా ఉండే ఉష్ణోగ్రతను లెక్కగట్టి, ఆ లెక్కకే దాన్ని బిగిస్తారు. అక్కడి నుంచి 30 డిగ్రీలు చల్లబడితే సుమారు 57 టన్నుల లాగుడు. వేసవిలో దీనికి వ్యతిరేకంగా నొక్కుడు పెరిగి పట్టా వంకర పోయే ప్రమాదం. చలికాలంలో లాగుడు పెరిగి అతుకు తెగే ప్రమాదం.

మా మేనమామ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. చలికాలం రాత్రులు టార్చి, ఎర్ర జెండా, డిటొనేటర్లు పట్టుకుని మైళ్ళకు మైళ్ళు నడిచేవారు. "తెల్లారుగట్ల మూడు నుంచి ఆరు దాకా భయంరా. పట్టా చలికి ముడుచుకుంటది. తెగితే అతుకు కాడనే తెగుతది" అనేవారు. రెండు పట్టాలను సైటులో థర్మిట్ పద్ధతిలో అతికిస్తారు. అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడు మండి పుట్టిన కరిగిన ఉక్కును సందులో పోస్తారు. జర్మనీలో గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంటు పొందిన పద్ధతి అది. అలా పోసిన అతుకులోనూ చల్లారాక సొంత బిగువు మిగులుతుంది. దాని మీద చలి లాగుడు, దాని మీద బండి చక్రాల దెబ్బ. మూడూ ఒకచోటే. వేలమంది రైల్లో నిద్రపోతుంటే ఒక మనిషి చలిలో నడుస్తూ వెతికేది ఆ చోటునే. ఆ మనిషి కొడుకులు, మేనల్లుళ్ళు మన హాస్టళ్ళలో ఎందరో చదువుకున్నారు.

ఇక నా సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ళ క్రితం ఒక పెద్ద సైటులో పనిచేస్తున్నాను. పేరు అవసరం లేదు. మందమైన ఉక్కుతో చేసిన ఒక భారీ పాత్రను క్రేన్‌తో లేపాలి. లేపడానికి పట్టు కోసం దానికి 60 మిల్లీమీటర్ల మందం చెవులు వెల్డింగ్ చేశారు. వానాకాలం. సాయంత్రం పరీక్ష చేశాను. అయస్కాంతం పెట్టి ఇనుప రజను చల్లితే పగులున్న చోట రజను గీతలా చేరుతుంది. ఎక్కడా గీత లేదు. అంతా శుభ్రం. పొద్దున్నే క్రేన్ వస్తుంది, కాగితం మీద సంతకం పెట్టమన్నారు.

ఆ రాత్రి ఆ అతుకు వేసిన వెల్డర్ టీ కొట్టు దగ్గర నెమ్మదిగా చెప్పాడు. "సారూ, తుంపర పడుతుంటే వేసినం. వేడి సరిగ్గ పట్టనియ్యలే. రాడ్లు గూడ ఓవెన్ల నుంచి తీసి చాలాసేపైంది." అతనికి ఆ మాట చెప్పాల్సిన అవసరం లేదు. చెబితే తన పనికే ముప్పు. అయినా చెప్పాడు. ఎందుకంటే పొద్దున ఆ పాత్ర కింద తాడు పట్టుకుని నిలబడేది అతని తోటివాళ్ళే.

ఇందులో శాస్త్రం ఇది. వెల్డింగ్ రాడ్డు పైపూత తేమను పీల్చుకుంటుంది. ఆ తేమలోని హైడ్రోజన్ కరిగిన ఉక్కులో కలిసిపోతుంది. ఉక్కు చల్లారాక ఆ హైడ్రోజన్ నెమ్మదిగా కదులుతూ, లాగుడు ఎక్కువున్న పెళుసు చోటుకు చేరుతుంది. హైడ్రోజన్, పెళుసుదనం, లాగుడు మూడూ కలిస్తేనే పగులు. ఒకటి లేకపోయినా రాదు. కలవడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులు. అందుకే ఇలాంటి మందపు ఉక్కుకు 48 గంటలు ఆగి పరీక్ష చేయాలంటారు. అతుకు వేసిన సాయంత్రం శుభ్రంగా కనబడటానికి అర్థం ఏమీ లేదు.

నేను సంతకం పెట్టలేదు. రెండు రోజులు ఆగాలన్నాను. క్రేన్ అద్దె ఎంతో లెక్క చెప్పారు. నిన్న శుభ్రంగా ఉన్నది రేపు ఎలా పగులుతుందని వెటకారం చేశారు. "ఎక్కడ చదివావు?" అని కూడా ఒకాయన అడిగారు. వెల్డర్ పేరు నేను ఎక్కడా చెప్పలేదు. నిబంధన చూపించి కూర్చున్నాను. మూడో రోజు ఉదయం అదే అతుకు, అదే అయస్కాంతం, అదే రజను. అతుకు అంచు వెంట 70 మిల్లీమీటర్ల పొడవున నల్లటి గీత చేరింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పగులు పూర్తిగా తీసేశారు. చుట్టూ ఉక్కును ముందుగా వేడి చేసి, ఆరిన రాడ్లతో అదే వెల్డర్ మళ్ళీ వేశాడు. వేడి ఒక్కసారిగా పోకుండా దుప్పటి కప్పారు. మళ్ళీ 48 గంటలు ఆగాం. ఈసారి గీత లేదు. పాత్ర లేచింది, తన చోట కూర్చుంది. పేపర్లో వార్త రాలేదు. మా పని సరిగ్గా జరిగితే వార్త ఉండదు.

లోపల మిగిలిన బిగువును తగ్గించే దారులు లేకపోలేదు. ముందుగా వేడి చేస్తే అతుకు నిదానంగా చల్లారుతుంది. పెళుసుదనం తగ్గుతుంది, హైడ్రోజన్ బయటికి పోతుంది. బాయిలర్లు, పీడన పాత్రల వంటి మందపు పనుల్లో వెల్డింగ్ అయ్యాక మొత్తాన్ని మళ్ళీ కొలిమిలో పెడతారు. మామూలు కార్బన్ ఉక్కునైతే 600 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా, 25 మిల్లీమీటర్ల మందానికి గంట లెక్కన ఉంచి, నెమ్మదిగా చల్లారుస్తారు. ఆ వేడిలో ఉక్కు కరగదు, కాస్త మెత్తబడుతుంది. మెత్తబడి తన బిగువును తానే చాలా వరకు వదులుకుంటుంది. ఇక్కడ తొందర పనికిరాదు. గబగబా చల్లారిస్తే బిగువు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

తమ్ముళ్ళకు నా మాటలు మూడు. మొదటిది, రాడ్డు అంటించే ముందు ఇది ఏ రకం ఉక్కు అని అడగండి. తెలియకపోతే అతికించకండి. రెండోది, 7018 రకం రాడ్లను చెప్పిన ప్రకారం, సాధారణంగా 300 నుంచి 350 డిగ్రీల దగ్గర, ఆరబెట్టి వేడి డబ్బాలోనే ఉంచండి. వానలో తీసి జేబులో పెట్టుకోకండి. మూడోది, రేపు మీలో ఎవరైనా సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటే, ఆగాల్సినంత సేపు ఆగండి. ఆ అతుకు వేసిన మనిషిని పక్కకు పిలిచి, టీ ఇప్పించి, ఎలా వేశావని అడగండి. యంత్రం చెప్పని సంగతి అతను చెబుతాడు. మనం ఆ ఇళ్ళ నుంచే వచ్చాం కాబట్టి అతను మనతో చెబుతాడు. మనకు చదువుతో పాటు దక్కిన వరం అది.

వెల్డింగ్, తనిఖీ పనుల్లోకి రావాలనుకునే తమ్ముళ్ళకు ఏ పరీక్షలు రాయాలో, ఏ పుస్తకాలు చదవాలో చెప్పగలను. నా ఫోన్ నంబరు హాస్టల్ ఆఫీసులో ఇచ్చాను. ఆదివారం పొద్దున ఎప్పుడైనా చేయండి. తెలుగులోనే మాట్లాడుకుందాం.